స్నాగ్ అంటే ఏంటమ్మా?

నా ఉద్యోగంలో రోజుకి ఎన్నిసార్లు పలుకుతానో లెక్కలేని మాట ఒకటుంది: స్నాగ్. కట్టడం పూర్తయిన ఫ్లాట్‌ని కొన్నవాళ్ల చేతికి ఇచ్చే ముందు గది గదికీ తిరిగి, ఎక్కడ ఏం తేడా ఉందో రాసిపెడతాం. ఆ కాగితం పేరు స్నాగ్ లిస్ట్. అందులో రాసినవాటిని సరిచేయించడం డీస్నాగింగ్. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు లేచిన టవర్లలో పదమూడేళ్లుగా నా పని ఇదే. చేతిలో ఒక చిన్న ఇనుప కడ్డీ, జేబులో నీలం టేపు, ఫోన్‌లో లిస్టు. టైల్స్ మీద కడ్డీతో తట్టుకుంటూ వెళ్తాను. గట్టి శబ్దం వస్తే ముందుకి వెళ్తాను. డొల్లగా మోగితే అక్కడ టేపు ముక్క అంటించి నంబరు వేస్తాను.

మొన్న వేసవిలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఫ్లాట్ చూసుకోవడానికి వచ్చారు. ఆయన అమలాపురం వైపు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఫ్లాట్ కొన్నది అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి. ఆ అబ్బాయి వీడియో కాల్‌లోనే ఉండి, "నాన్నా, స్నాగ్స్ అన్నీ క్లియరయ్యాకే సంతకం పెట్టు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక మాస్టారు నా వైపు తిరిగారు.

"స్నాగ్ అంటే ఏంటమ్మా?"

"చిన్న చిన్న లోపాలండీ. రంగు సరిగ్గా పడకపోవడం, తలుపు బిగుసుకోవడం, బాల్కనీలో నీళ్లు నిలవడం, అలాంటివి."

"లోపం అంటే డిఫెక్ట్ కదా. ఆ మాట ఉండగా ఇంకో మాట ఎందుకు పెట్టుకున్నట్టు? రెండింటికీ ఏదో తేడా ఉండాలిగా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పు పట్టడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. ఏళ్ల తరబడి పిల్లలకి మాటలు నేర్పిన మనిషి. నేనేమో ఆ మాటతోనే అన్నం తింటున్నాను. "వచ్చేసారి మీరొచ్చేసరికి తెలుసుకుని చెప్తానండీ మాస్టారూ" అన్నాను. మాట ఇచ్చాను కాబట్టి ఆ రాత్రి వంట అయ్యాక కూర్చున్నాను.

ఇంగ్లీషు నిఘంటువుల్లో ముందుగా కనిపించేది మనందరికీ తెలిసిన అర్థమే. అనుకోకుండా ఎదురయ్యే ఇబ్బంది, పైకి కనిపించని చిక్కు. మాటామంతీలో వాడే మాట అని పక్కనే గుర్తు. దాని తర్వాత, పొడుచుకొచ్చిన మొన లేదా కొన. బట్ట దేనికైనా తగులుకుని పోగు లేస్తే దాన్ని కూడా స్నాగ్ అనే అంటారు. పట్టుచీర తలుపు గొళ్లేనికి తగులుకున్నప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది చూడండి, అది. ఆ కిందే ఇంకో అర్థం ఉంది. నది అడుగున పాతుకుపోయి, పడవలకి ప్రమాదం తెచ్చే చెట్టు మొద్దు.

అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే మా అమ్మవాళ్ల నాన్న గోదావరి మీద లాంచీ సరంగు.

తాతయ్య రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా కూనవరం దాకా లాంచీ నడిపేవాడు. నేను పుట్టేసరికి ఆ పని దాదాపు మానేశాడు కానీ, సెలవులకి వెళ్తే రేవులో కూర్చోబెట్టుకుని నది చూపించేవాడు. చదువుకోలేదు, నీటిని మాత్రం చదివేవాడు. "అదిగో అక్కడ నీళ్లు మడత పడ్డాయి చూశావా? కింద ఏదో ఉంది" అనేవాడు. నాకేమీ కనిపించేది కాదు. ఇంకా కాసేపు చూస్తే, చుట్టూ నీళ్లు జారిపోతున్నా ఆ ఒక్క చోట సన్నగా గీత గీసినట్టు, వెనక్కి రెండు పాయలుగా విడిపోయినట్టు ఉండేది. ఇసుక మెరకలంటే ఆయనకి అంత భయం లేదు. మెరక తగిలితే లాంచీ ఆగుతుంది, గెడలేసి నెట్టుకోవచ్చు, వెనక్కి తీయొచ్చు. ఆయన భయమంతా వరద తీసిన తర్వాత రోజులంటేనే. పైనుంచి కొట్టుకొచ్చిన చెట్లు ఎక్కడెక్కడ ఇసుకలో కూరుకుపోయాయో ఎవరికీ తెలియదు. నిన్న నడిచిన దారిలో ఇవాళ మోడు ఉండొచ్చు. వాటిని తాతయ్య దొంగమోళ్లు అనేవాడు.

1986 ఆగస్టు వరద గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి చేరిన సంవత్సరం అది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. నీళ్లు తీశాక తాతయ్య కొన్ని వారాలపాటు రాత్రిపూట లాంచీ కదపనివ్వలేదట. "ఇది మనకి తెలిసిన గోదారి కాదు, మళ్లీ మొదట్నించీ నేర్చుకోవాలి" అన్నాడట.

కాబట్టి ఆ నిఘంటువు వాక్యం చదివినప్పుడు, నేను రోజూ టేపు ముక్క మీద రాసే మాట, తాతయ్య భయపడ్డ వస్తువు రెండూ ఒకటేనని తెలిసి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ తర్వాత నాలుగైదు వారాలు, రాత్రిళ్లు దొరికిందల్లా చదివాను.

మాట పుట్టుక నదిలో కాదు. స్కాండినేవియా వైపు పాత నార్స్ భాషలో స్నాగి అంటే కొయ్య మేకు, పొడుచుకొచ్చిన మొన. ఐస్‌లాండ్ భాషలో ఇప్పటికీ గోడకి బట్టలు తగిలించే కొక్కేన్ని స్నాగి అనే అంటారు. అది ఇంగ్లీషులోకి వచ్చి 16వ శతాబ్దం చివరికల్లా కొమ్మ నరికేశాక చెట్టుకి మిగిలిపోయే మొండి ముక్కకి పేరయింది. మనం మోడు అనేదానికి, కొమ్మ మొదలు అనేదానికి మధ్యలో ఉంటుంది ఆ అర్థం. అప్పటికి ఇందులో ఇబ్బంది అన్న భావం ఏమీ లేదు. అదొక కట్టెముక్క, అంతే.

దాన్ని ఇబ్బందిగా మార్చింది అమెరికా నదులు. మిసిసిపీ, దానిలో కలిసే మిస్సోరీ, ఒహాయో, ఎర్ర నది. ఆ రోజుల్లో వాటి గట్ల పొడవునా అడవులే. నేల మెత్తటి ఒండ్రు. నది ఏటా గట్టుని కోసుకుంటూ పోయేది. గట్టు విరిగితే చెట్టు వేళ్లతో సహా నీళ్లలో పడేది. ఇక్కడే అసలు సంగతి ఉంది. వేళ్ల మధ్య పట్టుకున్న మట్టి బరువుకి వేరు వైపు అడుగుకి దిగిపోయి బురదలో కూరుకుంటుంది. కాండం తేలాలని చూస్తుంది, ప్రవాహం దాన్ని దిగువకి వంచుతుంది. కొన్నాళ్లకి ఆకులు, చిన్న కొమ్మలు కుళ్లిపోతాయి. మిగిలేది నది అడుగు నుంచి ఏటవాలుగా పైకి లేచి, దిగువ వైపుకి గురిపెట్టిన ఈటె. నీరు ఎక్కువగా ఉంటే దాని కొన నీటికి జానెడు కింద ఉంటుంది, పైకి ఏమీ కనబడదు. దిగువకి వెళ్లే పడవ దాని మీద నుంచి జారి తప్పించుకోవచ్చు. ఎదురెక్కే పడవ నేరుగా ఈటె మొన మీదకే వెళ్తుంది. అప్పటి ఆవిరి పడవల అడుగు చెక్క.

పడవవాళ్లు వీటిలో కూడా రకాలు పెట్టుకున్నారు. కదలకుండా నాటుకుపోయినదాన్ని ప్లాంటర్ అనేవాళ్లు, నాటినది అన్నట్టు. ప్రవాహం తోపుకి పైకి లేస్తూ మునుగుతూ ఉండేదాన్ని సాయర్ అనేవాళ్లు, అంటే రంపపు కోతవాడు. మన దగ్గరా పూర్వం దుంగ మీద ఒకరు, కింద గోతిలో ఒకరు నిలబడి పెద్ద రంపాన్ని పైకీ కిందకీ లాగుతూ పలకలు కోసేవాళ్లు. ఆ చేతుల కదలికలాంటిదే ఈ చెట్టు కదలిక. రెండోదే ఎక్కువ ప్రమాదం అని నాకనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే ఉండదు, పడవ సరిగ్గా మీదకొచ్చాక లేస్తుంది. ఇంత వివరంగా పేర్లు పెట్టారంటే ఆ భయం ఎంత దగ్గరగా ఉండేదో అర్థమవుతుంది. మనకి మామిడికాయకి పిందె, దోర, పండు అని వేరే వేరే మాటలున్నట్టే, వాళ్లకి మునిగిన చెట్టుకి ఉన్నాయి.

1811లో పిట్స్‌బర్గ్‌లో కట్టిన న్యూ ఆర్లియన్స్ అనే ఆవిరి పడవ ఆ నదుల మీద నడిచిన మొదటిది. దాని ఆయుష్షు మూడేళ్లే. 1814లో బేటన్ రూజ్ దగ్గర ఒడ్డున ఆగి ఉండగా, నది మట్టం తగ్గి, కింద ఉన్న మొద్దు అడుగులోకి దిగి మునిగింది. మొట్టమొదటి పడవనే స్నాగ్ తినేసిందన్నమాట. ఆ తర్వాత పడవలు పెరిగాయి, మునకలూ పెరిగాయి. 1824లో అమెరికా కాంగ్రెస్ ఒహాయో, మిసిసిపీ నదుల్లో ఈ మొద్దులు తీయించడానికి 75,000 డాలర్లు కేటాయించింది. పని సైన్యంలోని ఇంజనీర్లకి అప్పగించారు.

ఆ పనికి దారి చూపినవాడు హెన్రీ మిల్లర్ ష్రీవ్. పుస్తకాల ఇంజనీరు కాదు, పడవలు నడిపిన మనిషి. ఆయన గురించి చదువుతున్నంతసేపూ నాకు తాతయ్యే గుర్తొచ్చాడు. ఆయన 1829లో హెలియోపోలిస్ అనే పడవ కట్టించాడు. పక్కపక్కన రెండు పడవల్ని కలిపి బిగించి, ముందు భాగంలో రెండింటి మధ్య ఇనప తొడుగు వేసిన పెద్ద దూలం పెట్టాడు. పడవని పూర్తి వేగంతో స్నాగ్ మీదకి తోలేవాళ్లు. దూలం దెబ్బకి చెట్టు విరగాలి, లేదా వేళ్లతో లేచి రావాలి. లేచినదాన్ని గొలుసులతో పైకి లాగి, అక్కడికక్కడే రంపాలతో ముక్కలు కోసి వదిలేవాళ్లు. దాన్ని మొదట దించిన చోటు ప్లమ్ పాయింట్, మిసిసిపీ మీద పడవవాళ్లు బాగా భయపడే మలుపుల్లో ఒకటి. ఇలాంటి పడవలకి జనం పెట్టిన ముద్దుపేరు అంకుల్ శామ్ పళ్లు పీకేవాళ్లు. అంకుల్ శామ్ అంటే అమెరికా ప్రభుత్వానికి వాళ్లు పెట్టుకున్న పేరు. నది నోట్లో పుచ్చిపోయిన పళ్లన్నట్టు. ఆ దూలం పడవకి ష్రీవ్ 1838లో పేటెంట్ తీసుకున్నాడు.

ఎర్ర నదిలో అయితే విడి మొద్దులు కావు. వందల ఏళ్లుగా కొట్టుకొచ్చిన చెట్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, 160 మైళ్ల దాకా నదిని మూసేశాయి. ఆ కట్టెల మేటని గ్రేట్ రాఫ్ట్ అనేవాళ్లు. దాని మీద మళ్లీ చెట్లు మొలిచాయి. ష్రీవ్ 1833లో మొదలుపెట్టి 1838కి దారి తెరిచాడు. ఆయన పేరు మీదే లూసియానాలో ష్రీవ్‌పోర్ట్ ఊరు పుట్టింది. ఆయన తర్వాత మేట మళ్లీ పేరుకుంది. చివరికి 1873లో నైట్రోగ్లిజరిన్ పెట్టి పేలిస్తే గానీ పూర్తిగా తొలగలేదు.

ష్రీవ్ మొదటి పడవ దించిన ఆ రోజుల్లోనే, 1830 ప్రాంతానికి, స్నాగ్ అన్న మాట నీళ్లలోంచి బయటికి వచ్చింది. వ్యాపారంలోనో రాజకీయంలోనో పని సాఫీగా సాగుతూ సాగుతూ ఠక్కున ఆగితే, స్నాగ్‌కి కొట్టుకున్నాం అనడం మొదలైంది. ఆ దేశంలో నది పక్కన బతికేవాళ్లందరికీ ఆ మాట వినగానే ఒళ్లు ఝల్లుమని ఉంటుంది. ఇప్పుడు మనం చాలా తేలిగ్గా అనేస్తున్నాం.

ఎంత బరువైన మాటో తెలియాలంటే అరేబియా అనే పడవ కథ ఒక్కటి చాలు. 1856 సెప్టెంబర్ 5 సాయంత్రం, మిస్సోరీ నదిలో ఎదురెక్కుతూ, పార్క్‌విల్ అనే ఊరి దగ్గర. నూరు మందికి పైగా ప్రయాణికులు, సరిహద్దు ఊళ్ల దుకాణాలకి వెళ్లే 200 టన్నుల సరుకు. నీటి కింద ఉన్న ఒక వాల్‌నట్ చెట్టు కాండం అడుగుని చీల్చేసింది. కొన్ని నిమిషాల్లోనే పడవ దిగిపోయింది. మనుషులందరూ బతికారు. చనిపోయింది డెక్ మీద కట్టేసి ఉన్న ఒక్క కంచరగాడిద. దాని యజమాని తాను విప్పానని, అదే మొండికేసి కదల్లేదని అందరికీ చెప్పుకున్నాడట. నూట ముప్పై ఏళ్ల తర్వాత అస్థిపంజరం దొరికినప్పుడు అది ఇంకా కట్టేసే ఉంది. ఈ వాక్యం చదివాక ఆ రాత్రి ఇంకేమీ చదవలేకపోయాను.

అది దొరికిన తీరు కూడా చెప్పాలి. ఈలోగా నది దారి మార్చుకుని అర మైలు దూరం జరిగిపోయింది. పడవ మునిగిన చోట మొక్కజొన్న పొలం. 1988లో కొందరు ఔత్సాహికులు ఆ పొలంలో 45 అడుగుల లోతు తవ్వారు. బూట్లు, పింగాణీ గిన్నెలు, పూసలు, గొడ్డళ్లు, గుండీలు అన్నీ అలాగే ఉన్నాయి. పచ్చడి సీసాలు కూడా దొరికాయి, తవ్వినవాళ్లలో ఒకరు రుచి చూసి బాగానే ఉందన్నారట. ఇంగ్లీషులో పిక్కిల్ అన్నా ఇబ్బందే కదా, ఇరకాటంలో పడ్డవాణ్ణి పిక్కిల్‌లో ఉన్నాడంటారు. 1991లో కాన్సాస్ సిటీలో ఆ సరుకంతటితో మ్యూజియం తెరిచారు. పడవని చీల్చిన ఆ వాల్‌నట్ కాండం కూడా అందులో ఉంది. ఎప్పటికైనా వెళ్తే నేను ముందు చూసేది దాన్నే.

మన దేశంలో ఈ మాట మీద మనసు పెట్టాల్సి వచ్చిన రోజు ఒకటి నాకు బాగా గుర్తు. 2019 జులై 15 తెల్లవారుజామున శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 వెళ్లాలి. నేను, మా అబ్బాయి నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఇంకో 56 నిమిషాలుందనగా గడియారం ఆగిపోయింది. టెక్నికల్ స్నాగ్ కనబడిందని ఇస్రో ప్రకటించింది. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు, ఏడుపొక్కటే తక్కువ. వారం తిరిగేసరికి, జులై 22న, అదే రాకెట్ చక్కగా లేచింది. ఆ రోజు తెలుగు వార్తల్లో సాంకేతిక లోపం అని విన్నాను. విమానం ఆలస్యమైనా, మెట్రో ఆగినా మనవాళ్లు అదే మాట వాడతారు. కానీ ఇస్రో వాళ్లు ఆపినది నాకు ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. పడవ కొట్టుకోకముందే నీటి మీద మడత చూసి ఇంజన్ ఆపిన సరంగు పని అది.

మాస్టారి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందని నాకు అర్థమైంది. డిఫెక్ట్ అంటే వస్తువులో ఉన్న కొరత. స్నాగ్ అంటే మన దారిలో కనిపించకుండా ఉన్నది. అది అక్కడ ఎప్పటినుంచో ఉంటుంది, మనం తగులుకున్నప్పుడే తెలుస్తుంది. అందుకే అడ్డంకి అన్నా నాకు తృప్తిగా లేదు. అడ్డంకి కళ్లెదురుగా ఉంటుంది, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టులా. లోపం అన్నా కుదరదు.

మరి మన మాటలేమిటి అని ఆలోచిస్తే భలే ముచ్చటేసింది. చిక్కు ఉంది. జడ వేసుకునేటప్పుడు దువ్వెనకి తగిలేదీ అదే, సంసారంలో వచ్చేదీ అదే. ముడి, పీటముడి, మెలిక. "అంతా ఒప్పుకుని చివర్లో ఒక మెలిక పెట్టాడు" అంటాం. ఇవన్నీ జుట్టు, దారం, తాడు చుట్టూ పుట్టిన మాటలు. ఇరకాటం ఇరుకులోంచి వచ్చింది. ఆఫీసుల్లో ఫైలుకి పెట్టేవి కొర్రీలు. తిరకాసు, పేచీ, లొసుగు. ఒక్కోదానికి ఒక్కో రుచి. లొసుగు అంటే ఎవరో కావాలని వదిలిన సందు ఉన్నట్టు, తిరకాసు అంటే లెక్కలో ఎక్కడో తేలనిది ఉన్నట్టు. ఇంగ్లీషువాళ్లకీ ఇలాగే ఉన్నాయి. గ్లిచ్ అన్న మాట, జారడం అనే అర్థమున్న యిడ్డిష్ (యూరప్ యూదుల భాష) మాటలోంచి వచ్చిందని చెబుతారు. ఎవరు దేనితో ఎక్కువ వేగితే దాని పేరే కష్టానికి పెట్టుకున్నారన్నమాట. జడలు వేసి, నూలు వడికి, వలలు అల్లిన మనకి చిక్కు. మిసిసిపీ పడవవాళ్లకి స్నాగ్.

మోడుల వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. అడవుల్లో పనిచేసేవాళ్ల భాషలో స్నాగ్ అంటే నిలబడే చచ్చిపోయిన చెట్టు. వడ్రంగిపిట్టలు దానికే తొర్రలు తొలుస్తాయి, అవి వదిలేసిన తొర్రల్లో వేరే పక్షులు గుడ్లు పెడతాయి. ఆస్ట్రేలియాలో మర్రే నదిలో కూడా పడవల కోసం ఒకప్పుడు మునిగిన మొద్దులన్నీ పీకేశారు. తీరా చూస్తే మర్రే కాడ్ అనే పెద్ద చేప గుడ్లు పెట్టేది, దాక్కునేది ఆ బోలు మొద్దుల్లోనే. ఇప్పుడు లారీల్లో దుంగలు తెచ్చి మళ్లీ నదిలో దించుతున్నారు. మనిషికి అడ్డమైనది ఇంకో ప్రాణికి ఇల్లు.

కానీ నా పని ఇళ్లు మనుషులకి అప్పగించడం. అందుకని నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది వేరే ఒకటి. ఆరేళ్ల కిందట ఇంకో కంపెనీలో ఉన్నప్పటి సంగతి. బాత్రూమ్ మూలలో ఒక టైల్ డొల్లగా మోగింది. టేపు అంటించాను. లిస్టులో చిన్నవి అన్న వరసలో రాశాను. ఒడిశా నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ, చేయి మంచిది, ఆ టైల్ తీసి చూద్దామన్నాడు. అప్పగించే తేదీ దగ్గర పడింది, పైనుంచి టెన్షన్. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ ఎక్కించి సరిపెట్టమన్నారు. నేనూ ఒప్పుకున్నాను. ఆ గోడ వెనక పైపు జాయింటు చెమ్మ పడుతోంది. అయిదు నెలలకి కింది ఫ్లాట్ పడకగది సీలింగు నల్లబడింది. అది బాలింత ఉన్న గది. పసిబిడ్డతో వాళ్లు రెండు నెలలు చుట్టాలింటికి వెళ్లి ఉండాల్సి వచ్చింది. నేను వెళ్లి క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి తల్లి ఒక్క మాట కూడా అనలేదు, మంచినీళ్లిచ్చింది. ఆ మేస్త్రీ చెప్పింది విని ఉంటే సరిపోయేది. నీటి మీద మడత ఆయనకి కనిపించింది, నాకూ కనిపించింది. ఇంజన్ ఆపలేదు.

అప్పటినుంచీ డొల్ల శబ్దం వస్తే టైల్ తీయిస్తాను. బాత్రూముల్లో రెండు రోజులు నీళ్లు కట్టి నిలబెట్టి, కింది ఫ్లాట్‌కి వెళ్లి సీలింగు తడిమి చూస్తాను. కొందరికి ఇది అతిగా ఉంటుంది. ఉండనీ.

నెల తర్వాత మాస్టారు మళ్లీ వచ్చారు. ఈసారి ఆవిడ రాలేదు, మోకాళ్ల నొప్పులట. నేను నేర్చుకున్నదంతా బాల్కనీలో నిలబడి చెప్పాను, కొక్కెం నుంచి కంచరగాడిద దాకా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక, "మీ తాతగారు ఏమనేవారన్నావు?" అని అడిగారు.

"దొంగమోడు అనేవాడండీ."

ఆయన జేబులోంచి కలం తీసి, నేనిచ్చిన లిస్టు ప్రింటు పైన, స్నాగ్ లిస్ట్ అని ఉన్న చోట పక్కనే గుండ్రటి అక్షరాలతో ఆ మాట రాసుకున్నారు. తర్వాత ఒక్కో నంబరూ చదువుతూ నాతో గది గదికీ వచ్చారు. ముప్పై నాలుగింట్లో ముప్పై మూడు అయిపోయాయి. వంటగదిలో పైపులు దిగే షాఫ్ట్ పక్క గోడ దగ్గర ఆగి అరచెయ్యి ఆనించి చూశారు. పైకి ఏమీ లేదు, రంగు కూడా బాగానే ఉంది. నేను ముందు రోజు ఆనించినప్పుడు మిగతా గోడ కన్నా కాస్త చల్లగా అనిపించి రాసింది అదే, ముప్పై నాలుగో నంబరు.

"నిజమే, చల్లగా ఉంది" అన్నారు.

శనివారం ఉదయం పదింటికి ప్లంబర్ వచ్చి గోడ తెరుస్తాడు. చూడటానికి మాస్టారు కూడా వస్తానన్నారు.